మాలిమి

శుక్రవారం పొద్దున వాడకట్టు పాల పంపకం అయిపోయాక కళావతి కొట్టం కడిగి, తడి ఆరేదాకా ఆగి, నేల మీద ముగ్గుపిండితో కొత్త ఇల్లు గీసింది. కొట్టమూ దాని ముందున్న వాకిలీ కలిపితే ఆ ఇల్లు సరిగ్గా పట్టింది. మేనకోడలు సాయిప్రియ ఫోనులో చూసి అడుగులు చెబుతుంటే, మరదలు లావణ్య టేపు చివర తొక్కిపట్టుకుంటే, కళావతి నడుము వంచి గీతలు లాగింది. వంకర పోకుండా గీత గీయడం ఆ ఇంట్లో ఆమెకే వచ్చు. ఇరవయ్యారేళ్లుగా ఆ వాకిట్లో రోజూ ముగ్గు పెట్టిన చెయ్యి మరి.

హుస్సేనీ ఆలంలోని ఆ ఇల్లు రోడ్డు వెడల్పులో పోతోంది. గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టి ఏడాది దాటింది. బదులుగా ఔటర్ రింగు రోడ్డు అవతల, ఐదో అంతస్తులో, రెండు పడకగదుల ఫ్లాటు వచ్చింది. తాళాలు బుధవారం ఇస్తామన్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తాళం చేతికి రాకముందే లావణ్య ఆ ఇంట్లో కాపురం మొదలుపెట్టేసింది. పెద్ద గదిలో తనూ మొగుడు బాలనర్సింహ. చిన్న గదిలో కొడుకు నిఖిలేష్, మాఘమాసంలో రాబోయే కోడలు. హాల్లో సోఫా, రాత్రి పరిస్తే అదే సాయిప్రియకు మంచం. సోఫాకు ఎదురుగా భోజనాల బల్ల, ఆరు కుర్చీలు. గోడకు సదర్ పండుగ నాటి ఫోటో, మెడ నిండా గవ్వల పట్టెడ వేసుకుని వెనక కాళ్ల మీద లేచిన వాళ్ల దున్నపోతుది. అది చచ్చి ఆరేళ్లయింది. ఫోటోకు మూడడుగులు వదలమంది లావణ్య.

కళావతి గీస్తూనే లెక్క చూసుకుంది. తమ్ముడు, మరదలు, మేనల్లుడు, వాడి పెళ్లాం, సాయిప్రియ, ఐదుగురు. కుర్చీలు ఆరు. ఆరోది తనదే అనుకుని ఆ చదరాన్ని మిగతా వాటికన్నా కాస్త శ్రద్ధగా గీసింది. తన మంచం మాట ఎవరూ ఎత్తలేదు గానీ, ఎత్తాల్సిన పనేముంది? కొట్టం పక్క అరుగు మీద చాప పరుచుకునే మనిషికి ఐదో అంతస్తులో ఓ చాపెడు జాగా దొరక్కపోతుందా అనుకుంది. గీయడం అయిందో లేదో చుక్క వచ్చి పెద్ద పడకగదిలో పడుకుంది. నుదుట తెల్ల మచ్చ ఉన్న ఆ బర్రె నాలుగింటిలోకీ పెద్దది, పెత్తనం దానిదే. సాయిప్రియ నవ్వింది. లావణ్య నవ్వలేదు, తోలమంది.

ఐదో అంతస్తుకు బర్రెలు ఎక్కవు. అందుకని అమ్మకం పెట్టారు.

ఆ సాయంత్రమే చేవెళ్ల దిక్కు నుంచి జగదీశ్వర్ అనే ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, చేతికి కడెం, కొత్తగా డెయిరీ పెట్టుకున్న ఉత్సాహం. బర్రెల బేరంలో ఒక కట్టుబాటు ఉంది. కొనేవాడు మూడు పూటలు దగ్గర కూర్చుని పాలు పిండించి చూసుకోవాలి, ఆ తర్వాతే పలుపు చేతులు మారాలి. జగదీశ్వర్ ఒక అడుగు ముందుకేసి, పిండటానికి తన మనిషినే వెంట తెచ్చాడు. పాలమూరు వైపు మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి, పేరు మైసయ్య. పొట్టిగా, గట్టిగా, మాట్లాడేటప్పుడు నేల చూసేవాడు.

మైసయ్యకు పని తెలుసు. చేతులు కడుక్కున్నాడు, దుడ్డెను వదిలాడు, అది నాలుగు గుద్దులు గుద్దాక లాగి కట్టాడు, పొదుగు మీద నీళ్లు చిలికాడు, బొటనవేలు మడిచి చన్ను పట్టాడు. అయినా చుక్క చేపలేదు. పొదుగు నిండుగా ఉంది, పాలన్నీ పైకి ఎగబట్టుకుంది. రెండోసారి లాగేసరికి బకెట్టు తన్నింది. రంగి కూడా అంతే. మిగతా రెండూ ఆయన పక్కన గొంతుక్కూర్చోవడమే ఒప్పుకోలేదు.

బాలనర్సింహ ముఖం చిన్నబోయింది. అప్పుడు కళావతి వచ్చి కూర్చుంది. చుక్క డొక్కకు నుదురు ఆనించి, పొదుగు మీద అరచెయ్యి పెట్టి ఊరుకుంది. ఇంకేమీ చెయ్యలేదు. మూడు నిమిషాల్లో ఖాళీ బకెట్టు అడుగున ధార గణగణమని మోగింది, ఆ తర్వాత నురగ లేచి మోత మెత్తబడింది. ఆమెకు లోలోపల గర్వంగానే ఉంది. ఉండదూ మరి! ఇన్నేళ్లలో ఇంకో చెయ్యి ఆ పొదుగుల మీద పడనివ్వలేదు. చెయ్యి మారితే బర్రె చెడుతుందని ఆమె పట్టు. చికున్‌గున్యా వచ్చి వేళ్లు ముడుచుకోనప్పుడు కూడా ఏడుస్తూ తనే పిండింది గానీ తమ్ముణ్ణి కూర్చోనివ్వలేదు. పశువుల్ని అంతగా తన చేతికి కట్టేసుకోవడం ఎంత పెద్ద తప్పో ఆ సాయంత్రం దాకా ఆమెకు తెలియదు.

జగదీశ్వర్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "బర్రెలు మస్తున్నయ్ అన్నా. గని మా వోనికి చేపకుంటే నేనేం చేస్కోవాలె?" అన్నాడు.

బాలనర్సింహ ఎక్కువసేపు ఆలోచించలేదు. అసలు ఆలోచించనే లేదనిపించింది కళావతికి. ముందే అనుకుని ఉంచుకున్న మాటలాగా నోట్లోంచి వచ్చేసింది.

"మా అక్కను ఎంబడి పంపుత పటేలా. ఒక నెల, రెండు నెలలు. అవి అలవాటు పడేదాక ఆడనే ఉంటది."

ఆమెను అడగలేదు. ఆమె వైపు చూడనూ లేదు. లావణ్య లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది. కళావతి నురగ మీద వాలిన ఈగను వేలితో తీసి పారేసింది. నెల అంటే గృహప్రవేశం అయిపోతుంది. పాలు పొంగించేటప్పుడు తను ఉండదు. ఈ వాడలో ఎవరు కొత్తింట్లోకి పోయినా పొంగిన పాలు తను పిండినవే. సొంత ఇంట్లో పొంగేటప్పుడు మాత్రం తను చేవెళ్ల దగ్గర ఎవరి కొట్టంలోనో పెండ ఎత్తుతూ ఉంటుంది. తర్వాత నెల రెండు నెలలవుతుంది, రెండు ఆరవుతాయి. తను లేకుండా సర్దుకున్న ఇంట్లో తిరిగి వచ్చిన మనిషికి చోటు చెయ్యడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు. మొగుడు పోయి ఒక ట్రంకు పెట్టెతో ఈ వాకిట్లోకి వచ్చిన మనిషి ఆమె.

అందుకే జగదీశ్వర్ చాయ్ తాగి కప్పు కింద పెట్టేలోగా అడిగింది, మైసయ్యను సోమవారం దాకా ఇక్కడే వదిలిపెట్టమని. పశువుల్ని ఆయన చేతికి మాలిమి చేసి ఇస్తానంది. ఇంక నేను రావాల్సిన పని ఉండదు అని మాత్రం అనలేదు. జగదీశ్వర్‌కు ఇది మంచి బేరంగానే కనబడింది. సరేనన్నాడు.

శనివారం తెల్లవారుజామున తన పాత చీర ఒకటి తెచ్చి మైసయ్యకు ఇచ్చింది. చిలకపచ్చది, పాలూ కుడితీ చెమటా పీల్చి పీల్చి రంగు చెప్పలేకుండా ఉంది. కట్టుకొమ్మంది. ఆయన సిగ్గుపడ్డాడు. ఊళ్లో మొగవాళ్లు పెళ్లాం పుట్టింటికి పోతే చీర చుట్టుకుని బర్రె దగ్గర కూర్చోవడం ఆయనకూ తెలియంది కాదు, కానీ ఇది పట్నం. అదే సమయానికి పాలకు వచ్చిన ఎదురింటి నూర్జహాన్ ఖాలా చూసి, "యే క్యా తమాషా హై కళావతీ!" అని కొంగు నోట్లో కుక్కుకుంది. మైసయ్య చెవులు ఎర్రబడ్డాయి. అయినా చుట్టుకున్నాడు, అంగీ మీదనే, అడ్డదిడ్డంగా.

కళావతి ఆయన్ను తన చోట కూర్చోబెట్టి పక్కన తను కూర్చుంది. ఆయన చెయ్యి మీద తన చెయ్యి వేసి పొదుగు పట్టించింది. చుక్క తల తిప్పి చూసింది, వాసన పట్టింది, చెవులు ఆడించింది. మొదట నాలుగు చుక్కలు, తర్వాత సన్నటి ధార. "గుంజకు. పిసుకు. పిల్ల తాగినట్టు," అంది. సాయంత్రానికి చెయ్యి తీసేసి డొక్క నిమురుతూ కూర్చుంది. ఆదివారం పొద్దున గాడి దగ్గర నిలబడి తవుడు కలుపుతూ మాట మాత్రమే వినిపించింది.

పనిలో పనిగా మైసయ్య ఇంటి మాటలు వచ్చాయి. భార్య సుజన, నాలుగేళ్ల కూతురు. ఇప్పుడు వాళ్లు షాద్‌నగర్‌లో ఎవరో చుట్టాల ఇంటి వరండాలో ఉంటున్నారు. వానొస్తే సామాను మీద కవరు కప్పి పిల్లను ఎత్తుకుని నిలబడాలట. జగదీశ్వర్ కొట్టం పక్కన ఒక రేకుల గది ఉంది. బర్రెల్ని పిండేవాడికి ఆ గది ఇస్తానన్నాడు.

"ఈ నాలుగు నా చేతికి వస్తే రూమ్ నాదే అక్కా. పండుగ ముంగట వాళ్లను తోల్కొస్త," అన్నాడు. మొదటిసారి నేల చూడకుండా మాట్లాడాడు.

ఎంత ఉంటుందా గది అని ఆమె అడిగింది. పదడుగులు, ఎనిమిదడుగులు. కళావతి ముగ్గుడబ్బా తెచ్చి, చిన్న పడకగది గీత పక్కనే ఆ గది కూడా గీసింది. తలుపు ఎటుందో అడిగి అటు వదిలింది. పొయ్యి గాలికి ఆరకుండా మూలకు పెట్టించింది. పిల్ల చాప గోడవారకు వద్దు, రేకు వేడికి గోడ కాలుతుంది, నడుమ వెయ్యమంది. మైసయ్య చీరకొంగు ఎగదోపుకుని ఆ గీతల మధ్యలో నిలబడి, చేతులు చాపి అటూ ఇటూ చూసుకున్నాడు. రెండిళ్లు పక్కపక్కన బాగానే ఉన్నాయి అనుకుంది కళావతి. మనసులో ఎన్నాళ్లకో కాస్త తేలిగ్గా అనిపించింది.

ఆదివారం సాయంత్రం పిండే వేళకు ఆమె కొట్టంలోకే రాలేదు. గల్లీలోకి వెళ్లి, నూర్జహాన్ ఖాలా గడప మీద కూర్చుని చెవి ఇటు వేసింది. బకెట్టు మోగింది. మోత మెత్తబడింది. రెండో బకెట్టు మోగింది. మొదట ఆమెకు సంతోషమే కలిగింది. ఆ వెనకే కొంగు కళ్లకు అద్దుకుంది. చుక్క ఆమె లేకుండా చేపింది. మాలిమి చేసింది తనే, ఏడుపొచ్చిందీ తనకే.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. చీర లేకుండా కూర్చుంటే చుక్క ఇంకా తన్నేస్తోంది. కళావతి మైసయ్యకు చెప్పింది, మూడు నెలలదాకా చీర ఉతకొద్దు, ఇంకెవరికీ ఇవ్వొద్దు, అది పోతే బర్రె పోయినట్టేనని.

జగదీశ్వర్ ఆ పూట వచ్చి కొలిచి చూసుకుని మీసాల్లో నవ్వుకున్నాడు. "ఇగ అక్కను తక్లీఫ్ చేసుడెందుకు? మావోడు జూస్కుంటడు," అని అందరి ముందూ అన్నాడు. కళావతి ఆ మాటను ప్రసాదం అందుకున్నట్టు అందుకుంది. లోపలికి పోయి ట్రంకు పెట్టె తీసి బట్టలు సర్దింది. కొత్తింటికని దాచుకున్న ఇత్తడి చెంబు, పాలు పొంగించడానికి, బట్టల మధ్యలో పెట్టింది. వాకిట్లో తమ్ముడు జగదీశ్వర్‌ను గేటు అవతలికి తీసుకెళ్లి ఏదో చాలాసేపు మాట్లాడటం కిటికీలోంచి కనబడింది. బేరం మాటలనుకుంది.

సోమవారం పొద్దున డీసీఎం బండి గల్లీ మొదట్లోనే ఆగింది, లోపలికి పట్టక. ఒక్కొక్క బర్రెనే నడిపించుకెళ్లి చెక్క వేసి ఎక్కించారు. రంగి మొండికేస్తే కళావతే వెనక నిలబడి తోక మెలిపెట్టి ఎక్కించింది. చుక్క చెక్క మీద సగం ఎక్కి వెనక్కి తిరిగి చూసింది. దాని నుదుటి మచ్చ మీద అరచేత్తో తట్టి, పో, అంది.

తిరిగి వచ్చి చీపురు పట్టుకుంది. కొట్టం ఖాళీగా, వెడల్పుగా ఉంది. నాలుగు రోజుల తొక్కుడుకు ముగ్గు చాలామటుకు చెదిరింది. పెద్ద పడకగది గోడ ఒకటి, కుర్చీలు కొన్ని, మైసయ్య గది మాత్రం ఇంకా తెలుస్తున్నాయి. చిమ్మబోతుంటే బాలనర్సింహ లోపల్నుంచి ఆమె ట్రంకు పెట్టె భుజం మీద పెట్టుకుని వచ్చాడు. గల్లీ వైపు నడిచాడు.

"అది ఇప్పుడెందుకు తమ్మీ? బుధవారం కద మనం పొయ్యేది," అంది.

"బండి ఆగి ఉన్నదక్కా. ఎక్కు."

ఆమెకు అర్థం కాలేదు. నిజానికి అయింది, కానీ కాలేదనుకుంది. అవి మైసయ్యకు చేపుతున్నాయని చెప్పింది. నిన్న సాయంత్రమూ ఈ పొద్దుటి పూటా తను కొట్టంలో అడుగే పెట్టలేదని చెప్పింది. పటేలు స్వయంగా వద్దన్నాడని గుర్తుచేసింది. బాలనర్సింహ అన్నీ విన్నాడు. పెట్టె భుజం మార్చుకున్నాడు.

"అయినా నువ్వుంటే మంచిగుంటది. ఒక్క నెల," అన్నాడు.

పాల సంగతి కాదన్నమాట. పాల సంగతి ఎప్పుడూ కాదు. నాలుగు రోజులు ఆమె తీసిపారేసింది ఒక సాకును మాత్రమే. సాకు పోయినా దాని వెనకున్నది పోలేదు, నిలబడే ఉంది. కళావతి చీపురు గోడకు ఆనించింది.

"నెల అనకు నర్సింహా. ఉన్న మాట నోటితోని అను. అంటే పోత."

అనలేడనుకుంది. చిన్నప్పుడు తను చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయిన తమ్ముడు, నోటితో అనలేడనే నమ్మింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. కానీ అన్నాడు.

"జాగ లేదక్కా."

గల్లీలో డీసీఎం డ్రైవరు హారన్ కొట్టాడు. కళావతి నేల వంక చూసింది.

"మరి ఆరో కుర్సీ?"

గడప దగ్గర నిలబడ్డ లావణ్య జవాబిచ్చింది, మెల్లగా, నొప్పించాలని కాదు, అడిగింది కాబట్టి చెప్పినట్టు.

"వచ్చిపోయేటోళ్లకు వదినా."

సాయిప్రియ అత్తమ్మా అంటూ రెండడుగులు వేసింది. తల్లి చూపు తగిలి ఆగిపోయింది. కళావతి చీపురు మళ్లీ తీసుకుని కొట్టం ఆ చివర నుంచి ఈ చివరదాకా చిమ్మింది. పడకగదులూ హాలూ కుర్చీలూ మైసయ్య గదీ అన్నీ ఒకే కుప్పగా గడప దగ్గరికి వచ్చాయి. చేటతో ఎత్తి మోరీలో పోసింది. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని నడిచింది.

డ్రైవరు పక్కన కూర్చోమంటే కూర్చోలేదు. వెనక బర్రెల మధ్య, తన పెట్టె మీద కూర్చుంది. మైసయ్య పలుపులు పట్టుకుని ఎదురుగా చతికిలబడ్డాడు. బండి లాడ్ బజార్ పక్క నుంచి, ఇంకా తెరవని గాజుల దుకాణాల ముందు నుంచి బయటపడింది. చుక్క మూతి ఆమె భుజం మీద పెట్టి ఊపిరి వదిలింది.

చాలా దూరం పోయాక మైసయ్య నోరు విప్పాడు. పాపం, మంచి మనసుతోనే విప్పాడు. నిన్న రాత్రి పటేలు ఫోన్ చేసి చెప్పాడట, ఆమె వస్తే రానిమ్మని, పెండకూ గడ్డికీ ఓ మనిషి ఉంటుందని.

"తిండికి ఫికర్ జెయ్యకు అక్కా. మా సుజన వచ్చినంక మాతోనే తిను. పండుకునుడంటే... కొట్టంల మూలకు మంచం ఏసుకుందువు."

"రూమ్?"

"రూమ్ పిండెటోనిది గద," అన్నాడు మైసయ్య, కొంచెం ఇబ్బందిగా, కొంచెం సంతోషాన్ని దాచుకోలేక.

కళావతి తల ఊపింది. ఆయన పక్కన గోనెసంచీ మీద చిలకపచ్చ చీర మడత పెట్టి ఉంది. దేవుడి వస్త్రంలా నాలుగు మడతలు వేసి, జారకుండా మోకాలితో అదిమి పెట్టుకున్నాడు. వాన వస్తే పిల్లను ఎత్తుకుని నిలబడే ఆ సుజనను కళావతి ఎన్నడూ చూడలేదు. అయినా ఇప్పుడు ఆ మనిషి కళ్ల ముందే ఉంది. ఆమె వైపు చూడకుండా ఉండటానికి కళావతి బండి పక్కచెక్క సందులోంచి రోడ్డును చూసింది. ఊరు అయిపోవచ్చింది.

"నా చీర నాకియ్యి మైసయ్యా," అంది.

ఆయన నవ్వాడు, వేళాకోళమనుకుని. ఆమె చెయ్యి చాపే ఉంది. ఆయన నవ్వు కొద్దికొద్దిగా పోయింది.

"పొద్దుమీకి పిండాలె గద అక్కా. చీర లేకుంటే ఎట్ల?"

"నేను పిండుత."

మైసయ్య చీరనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. చీర ఆమెది, కాదనడానికి లేదు. మోకాలు తీశాడు. కళావతి దాన్ని అందుకుని, పెట్టె తెరిచి, ఇత్తడి చెంబు మీద కప్పి, మూత వేసింది. మూత మీద మళ్లీ కూర్చుంది. బండి సర్వీసు రోడ్డు దిగి గుంతల్లో పడినప్పుడల్లా ఇద్దరూ బర్రెలతో పాటు ఊగుతూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వెళ్లారు.